మూడు దాటితే

గడియ పిడి ఊడి నా చేతికొచ్చింది. గడియ మాత్రం చట్రంలోని రంధ్రంలోనే ఉండిపోయింది. నేను బాత్రూములో ఉన్నాను. ఒంటిమీద సబ్బు ఉంది, నడుముకు తువ్వాలు ఉంది, వంటింట్లో పొయ్యిమీద కుక్కర్ ఉంది. అది ఇప్పుడే మొదటి విజిల్ వేసింది. కాటన్‌పేటలో హార్డ్‌వేర్ అంగడిలో ముప్పై ఎనిమిదేళ్లు గడియలు అమ్మినవాణ్ణి నేను. ఇత్తడివి, ఇనుపవి, స్టీలువి. ఇది బిగించుకుంటే మీ మనవలు కూడా వాడుకుంటారు అని ఎంతమందికి చెప్పానో. వాళ్ల మనవలు ఇప్పుడు ఎక్కడెక్కడ ఇరుక్కుని ఉన్నారో. ఇదీ ఆ అంగడిదే, పోయిన ఆదివారం నేనే బిగించాను. పక్కింటి మునిరాజు వడ్రంగి. అడక్కుండానే వచ్చి గుమ్మంలో నిలబడి చూసి, “అప్పా, ఆ పిడికి స్క్రూ పొట్టిదైపోయింది. వానాకాలం చెక్క ఉబ్బుతాది, గట్టిగా లాగితే ఊడొస్తాది. ఇట్లా ఇయ్యి, సుమ్నే రెండు నిమిషాల పని,” అన్నాడు. సుమ్నే అట. ఊరికే చేసిపెడతాడట. ఊరికే చేసేవాళ్లంటే నాకు మంట. పో పోయి నీ బల్లలు చేసుకో, నా గడప తొక్కొద్దు, గడియల గురించి నాకు చెప్పొచ్చావు అన్నాను. వాడు నవ్వాడు. ఆ నవ్వు కూడా నాకు గుర్తుంది, ఎందుకంటే వాడు నవ్వింది నన్ను చూసి కాదు, స్క్రూని చూసి.

నిజానికి అరిస్తే సరిపోతుంది. మాది వఠారం. నడుమ వాకిలి, చుట్టూ ఆరు ఇళ్లు, వాకిట్లో ఒక కొళాయి. నా బాత్రూముకు పైన జానెడు కిటికీ ఉంది, అది సరిగ్గా కొళాయి నెత్తిన తెరుచుకుంటుంది. నేను ముక్కు చీదినా ఆరిళ్లకు వినబడుతుంది. కానీ అరవడానికి నోరొక్కటే ఉంటే చాలదు. ఎవర్ని పిలవాలో ఒక పేరు కావాలి. ఈ వఠారంలో నేను మాట్లాడే మనిషి లేడు. ఒక్కొక్కరితో ఒక్కొక్క ఏడు మానేశాను. పోనీ అరిచాననుకో, వాళ్లు లోపలికి ఎలా వస్తారు? వీధి తలుపుకు నైట్ లాచ్ ఉంది. తలుపు మూస్తే చాలు, దానంతటదే తాళం పడిపోతుంది. తాళంచెవి లేకుండా బయటినుంచి దేవుడు కూడా రాలేడు. అదీ నేను తెచ్చిందే, అంగడిలో ఉన్నవాటిలోకెల్లా మంచిది. దాంతో మూడు తాళంచెవులు వచ్చాయి. ఒకటి నాకు, ఒకటి నా పెళ్లాం సొన్నమ్మకు, మూడోది సొన్నమ్మ పోగొట్టింది. ఆమె పోవడానికి మూడు నెలల ముందు సంగతి. ఎనిమిది రోజులు తిట్టాను. ముప్పై ఎనిమిదేళ్లలో నేను అంగడిలో ఒక్క మేకు పోగొట్టలేదు, నువ్వు ఇంట్లో కూర్చుని ఒక్క తాళంచెవి కాపాడలేకపోయావు అన్నాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. “యాడో ఉంటాది లే. కావాల్సినప్పుడు దొరుకుతాది,” అంది. ఆ నిదానం చూసి ఇంకో రెండు రోజులు తిట్టాను. లెక్క సరిచేస్తే పది.

ఇదిగో, రెండో విజిల్. మామూలుగా రెండో విజిల్‌కు నేను ఒళ్లు తుడుచుకుంటూ ఉంటాను, మూడో విజిల్‌కు పంచె కట్టుకుని వెళ్లి పొయ్యి ఆపుతాను. మూడేళ్లుగా ఇదే పద్ధతి. నాకు పప్పొక్కటే వచ్చు. కందిపప్పు, నీళ్లు, ఉప్పు, మూడు విజిళ్లు. ఇందులో మూడు విజిళ్ల సంగతి ఒక్కటే సొన్నమ్మ నేర్పింది, తక్కినవి నేనే కనుక్కున్నాను. రుచి చూసినవాళ్లకు అర్థమవుతుంది. ఎవరూ చూడలేదు. ఆమె పోయిన కొత్తలో ఎదురింటి ఫాతిమా నెలరోజులు పొద్దున్నే గిన్నె తెచ్చి గడపమీద పెట్టేది. రాగిముద్ద, పులుసు. నేను గిన్నె అలాగే తిరిగి ఆమె గడపమీద పెట్టేవాణ్ణి. ముప్పై రోజులు ఆ గిన్నె వాకిట్లో అటూ ఇటూ తిరిగింది. వఠారంలో పిల్లులు బలిశాయి. ముప్పైఒకటో రోజు నేను ఈ కుక్కర్ మొదలుపెట్టాను, ఎవరి దయా అక్కర్లేదని అందరికీ వినబడేటట్టు. విజిల్ అనేది అందుకు బాగా పనికొస్తుంది.

నాలుక గీసుకునే స్టీలు బద్ద సందులో పెట్టి గడియను తోయాలని చూశాను. బద్ద వంగింది. సబ్బుపెట్టె మూతతో చూశాను, విరిగింది. బ్రష్షు వెనకవైపుతో కూడా చూశాను. సబ్బు ఆరిపోయి ఒళ్లంతా సున్నం కొట్టిన గోడలా బిగుసుకుంటోంది. మగ్గులో నీళ్లు తీసి పోసుకోవచ్చు, బకెట్ నిండా ఉన్నాయి. కానీ పొయ్యిమీద కుక్కర్ పెట్టుకుని, లోపల చిక్కుకుని, తీరిగ్గా స్నానం చేస్తున్నానంటే అది ఒప్పుకోవడం లాంటిది. ఏం ఒప్పుకోవడమో తెలియదు. పోసుకోలేదు. మూడో విజిల్‌కు అరుస్తాను అనుకున్నాను. పేరు పెట్టకుండా అరుస్తాను. ఎవరక్కడ అంటే చాలు, ఎవరో ఒకరు ఉంటారు.

మూడో విజిల్ వేసింది. అదే సమయానికి బయట కొళాయి తిప్పారు, బిందె చప్పుడయింది, మునిరాజు గొంతు, ఫాతిమా గొంతు, పైన మెట్లమీద శామ్యూల్ చెప్పుల చప్పుడు. ముగ్గురూ అక్కడే ఉన్నారు. ఇప్పుడరిస్తే ముగ్గురూ వింటారు. నాలుగోదానికి చూద్దాం. శామ్యూల్ గుంటూరునుంచి వచ్చిన కుర్రవాడు, ఏదో సాఫ్ట్‌వేర్ ఆఫీసు, పైన గదిలో ఉంటాడు. రెండేళ్ల కింద ఒకరోజు మెట్లమీద ఎదురై, “అంకుల్, మీ మూడో విజిల్‌కే నేను లేస్తానండీ, అలారం కూడా తీసేశా,” అన్నాడు, పళ్లన్నీ కనబడేలా. నా పప్పు వీడికి అలారమా అని ఒళ్లు మండింది. మర్నాటినుంచి వారం రోజులు ఐదు గంటలకే కుక్కర్ పెట్టాను. చీకట్లో లేచి, నిద్ర చాలక కళ్లు మండుతుంటే, వాడికోసం. ఎనిమిదో రోజు వాడు ఎదురొచ్చి, “థాంక్సండీ అంకుల్, మీవల్ల వాకింగ్ అలవాటైంది,” అన్నాడు. అంతటి నష్టం నాకు జీవితంలో జరగలేదు. ఆరోజునుంచి మళ్లీ ఏడు గంటలకు మార్చాను, వాడితో మాట మానేశాను.

నాలుగో విజిల్. బయట కొళాయి ఆగింది. నేను నోరు తెరిచాను, గాలి కూడా పీల్చుకున్నాను, అంతలో ఫాతిమా అంది: “నాలుగు.” అంతే. నా నోరు మూతపడింది. పోయిన నెల ఒకరోజు పేపరు చదువుతూ మర్చిపోతే నాలుగోది వేసింది. ఎదురింటి కిటికీలోంచి, “అన్నా, నాలుగైంది!” అని ఒకటే కేక. గరిటెతో వాకిట్లోకి వెళ్లాను. నా కుక్కర్ నా ఇష్టం, పది వేయించుకుంటాను, పొద్దున లేస్తే నా తలుపుకేసి చూడ్డం, నా విజిళ్లు లెక్కపెట్టడం తప్ప నీకు వేరే పని లేదా, ఇంకోసారి లెక్కపెడితే పోలీసులకు చెబుతా అన్నాను. పైనుంచి శామ్యూల్, “ఏ సెక్షనండీ అంకుల్?” అని అడిగాడు. వెక్కిరింతగా కాదు, తెలుసుకుందామని. అదే ఎక్కువ కోపం తెప్పించింది. ఫాతిమా కిటికీ తలుపు దగ్గరికి వేసుకుంది. పూర్తిగా వేసుకోలేదు, నాలుగు వేళ్ల సందు పెట్టింది. ఆ సందు గురించి కూడా తర్వాత తిట్టాను.

“నాలుగే గదా,” అంటున్నాడు మునిరాజు బయట. “పేపర్ చదువుతా ఉంటాడు. ఇంకొకటి చూద్దాం.”

“పేపర్ ఇంకా గడప మీదనే ఉండాది, చూడు,” అంది ఫాతిమా.

“అయితే తట్టు పోయి.”

“నేనా? నాకు పోలీసంట. నువ్వు తట్టు.”

“నన్ను గడప తొక్కొద్దన్నాడు తల్లీ. పోయిన ఆదివారమే.”

“నేను ఫోన్ చేస్తానుండండి,” అన్నాడు శామ్యూల్.

వంటింట్లో నా ఫోన్ మోగింది. మోగుతూనే ఉంది. ఆ నంబరు కూడా వాడే ఎక్కించాడు. సొన్నమ్మ కర్మ అయిన మర్నాడు నా ఫోన్ అడిగి తీసుకుని ఏదో నొక్కి, “అర్జెంటైతే ఒకటి నొక్కి పట్టుకోండంకుల్,” అన్నాడు. నాకు అర్జెంటేముంది అన్నాను. వెళ్లాక తీసేద్దామనుకున్నాను, తీసెయ్యడం చేతకాలేదు. చేతకాదని ఎవర్నీ అడగలేదు. ఫోన్ ఆగిపోయింది. అలా మోగి మోగి ఆగిపోవడం నాకు తెలుసు, అవతలివైపునుంచి కాదు, ఇవతలివైపునుంచి. సొన్నమ్మ పోయినరోజు మధ్యాహ్నం అంగడి ముందు మేకుల లారీ దిగుతోంది. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి బస్తాలు చూసుకుంటున్నాను. ఫోన్ చొక్కా జేబులో ఉంది. అది పదకొండుసార్లు మోగిందని తర్వాత చూశాను. ఆ పదకొండూ ఫాతిమా చేసినవే. సొన్నమ్మను కుర్చీలో కూర్చోబెట్టి మునిరాజు ఒకవైపు, శామ్యూల్ ఒకవైపు పట్టుకుని సందు చివరిదాకా మోశారట. ఆటోలో ఆమె తల ఫాతిమా ఒళ్లో ఉందట. ఆసుపత్రిలో నీళ్లడిగిందట, ఫాతిమా పోసిందట. అన్నీ అట. నేను వెళ్లేసరికి అన్నీ అయిపోయాయి. మేకులు మాత్రం ఒక్కటి కూడా తగ్గలేదు, బస్తాలన్నీ సరిగ్గా వచ్చాయి. ఆ తర్వాత ఫాతిమా ఒకసారి గుమ్మంలోకి వచ్చి, “అన్నా, అక్క ఒక మాట చెప్పి పోయింది,” అంటే వినకుండా తలుపు మూసేశాను. నైట్ లాచ్ టక్కుమంది. వీళ్లు చెడ్డవాళ్లయితే నాకు ఇంత కష్టం ఉండేది కాదు. నేనుండాల్సిన చోట ముగ్గురూ ఉన్నారు. దీనికి శిక్ష ఏ పుస్తకంలోనూ లేదు కాబట్టి నేనే వేస్తున్నాను, మూడేళ్లుగా, చేతనైనంత.

ఐదో విజిల్. గొంతు మారింది. ఈల కాదిప్పుడు, ఆవులింత. నేను ఒక్కడికి సరిపడా గ్లాసు నీళ్లే పోస్తాను. ఐదు విజిళ్లకు ఎంత నీరు పోతుందో నాకు లెక్క తెలియదు గానీ, పొట్టి స్క్రూ గురించి కూడా మొన్నటిదాకా తెలియదు. వాసన మొదలైంది. పప్పు మాడే వాసన మొదట బాగానే ఉంటుంది, వేరుశనగలు వేయిస్తున్నట్టు. తర్వాత బాగుండదు. పొయ్యి పక్కన సిలిండర్, సిలిండర్ పక్కన గూట్లో సొన్నమ్మ ఫోటో. వేరేచోట పెట్టమని మునిరాజు గోడకు కొట్టే చిన్న పీట చేసి తెచ్చాడు, ఆ పీట మంచం కింద ఉంది. పొగ తగలని చోట్లు ఇంట్లో ఎన్ని లేవు? ఆమె ఎక్కువసేపు ఉన్నది అక్కడేనని అక్కడే పెట్టాను. ఇప్పుడు ఏదైనా జరిగితే మొదట అంటుకునేది ఆమే. ఆరో విజిల్‌కు అరుస్తాను. ఇది ఒట్టు. పోయిన రెండు ఒట్లలాంటిది కాదు.

ఆరో విజిల్ కోసం చెవులు రిక్కించాను. రాలేదు. బయట కూడా ఎవరూ మాట్లాడడం లేదు. కొళాయి చుక్క బిందెలో పడుతున్న శబ్దం. వాళ్లూ దానికోసమే నిలబడ్డారని నాకర్థమైంది, వఠారమంతా నా కుక్కర్ నోటికేసి చూస్తోంది. అది రావడం లేదు. విజిల్ రావడం లేదంటే పొయ్యి ఆరిందని కాదు, లోపల నీళ్లు లేవని. హార్డ్‌వేర్ అంగడిలో పనిచేసినవాడికి ఆమాత్రం తెలుసు. నల్లటి వాసన తలుపు కిందినుంచి పాకుతూ వచ్చింది. నేను బకెట్ బోర్లించి దానిమీదెక్కి, జానెడు కిటికీకి మొహం ఆనించి అరిచాను. మూడేళ్లలో మొదటిసారి ఆమె పేరు నా నోట్లోంచి వచ్చింది. ఫాతిమా అని అరిచాను. ఫా అనేలోగానే వీధి తలుపులో తాళంచెవి తిరిగింది.

బకెట్‌మీద అలాగే నిలబడిపోయాను. కాళ్ల కింద నీళ్లు వరదై పోతున్నాయి. తాళాల చప్పుడు నాకు మనుషుల గొంతుల్లా తెలుస్తుంది. నా తాళంచెవి అరిగిపోయింది, రెండుసార్లు అటూ ఇటూ ఆడిస్తేగానీ తిరగదు. సొన్నమ్మది ఆమె పెట్టెలోనే ఉంది. ఇది ఒక్కసారికే తిరిగింది. పళ్లు అరగనిది, వాడనిది. మూడోది. కావాల్సినప్పుడు దొరుకుతాది. ఇంకో అరక్షణం నోరు మూసుకుని ఉంటే నా పరువు నాకు మిగిలేది, కానీ ఆ సంగతి కూడా ఆ క్షణంలో గుర్తురాలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

“యా అల్లా, అంతా బొగ్గయిపోయింది,” అని ఫాతిమా గొంతు వంటింట్లో. పొయ్యి ఆపిన చప్పుడు. కిటికీలు తెరిచిన చప్పుడు, అది శామ్యూల్. బాత్రూము తలుపు దగ్గర మునిరాజు.

“అప్పా, లోపల ఉండావా?”

“లేను.”

“పిడి ఊడిందా?”

“ఊడింది.”

“పొట్టి స్క్రూనేనా?”

నేను బకెట్‌మీదినుంచి దిగాను.

“చెప్పప్పా. పొట్టి స్క్రూనే గదా?”

“తలుపు తీస్తావా, కోర్టు నడుపుతావా?”

వాడు సన్నటి ఉలి సందులో దూర్చాడు. గడియ జరిగింది. అరనిమిషం పట్టింది. ముప్పై ఎనిమిదేళ్లు నేను అమ్మిన భద్రత అంతా కలిపి అరనిమిషం. తువ్వాలు బిగించుకుని, ఎండిన సబ్బుతో, ఊరేగింపులో పిండిబొమ్మలా బయటికి వచ్చాను. ఫాతిమా గోడకేసి తిరిగి నిలబడింది. శామ్యూల్ పైకప్పు చూస్తున్నాడు. మునిరాజు ఒక్కడే నన్ను చూశాడు, అదీ నన్ను కాదు, నా చేతిలోని పిడిని.

“తాళంచెవి ఎక్కడిది?” అన్నాను. వచ్చిన మొదటి మాట అదే. ఇంకో మనిషైతే వేరే మాట అనేవాడు.

“అక్క ఇచ్చింది అన్నా,” అంది ఫాతిమా గోడతో. “ఒంట్లో బాగలేకుండా ఉన్నప్పుడే. ‘నేను పోయినాక వండుకుంటే ఆయప్ప మూడు విజిళ్లకు ఆపుతాడు, నేర్పినాను. మూడు దాటితే ఏమో అయిందని తెలుసుకో. పిలుస్తాడని కాచుకోవద్దు, చచ్చినా పిలవడు. నువ్వే పో,’ అనింది. నీకు చెప్పొద్దనింది. చెప్తే తాళం మారుస్తావంట.”

నిజమే. మార్చేవాణ్ణి. ఆ సాయంత్రమే.

“మూడేళ్లు దినామూ లెక్కపెట్టినావా?”

“నేను కదిరికి పోయినప్పుడు మునిరాజన్న పెడతాడు. ఆయనకు పనుంటే శామ్యూల్.”

నేను శామ్యూల్‌కేసి చూశాను. వాడు పైకప్పునుంచి కళ్లు దించలేదు.

“ఐదు గంటలకు పెట్టిన వారం?” అన్నాను.

“ఆ వారం నా డ్యూటీయేనండీ అంకుల్,” అన్నాడు. “ఆంటీ చెప్పారు కదా మరి.”

ఫాతిమా వెనక్కి తిరక్కుండానే చెయ్యి వెనక్కి చాపింది. అరచేతిలో తాళంచెవి. అంగడిలో కట్టిన దారం కూడా దానికి అలాగే ఉంది, ముడి నాదే. “తీసుకో అన్నా. ఇంక నీకు తెలిసిపోయింది గదా.” సొన్నమ్మకు నీళ్లు పోసిన చెయ్యి అదే, ఇప్పుడు పొయ్యి ఆపిందీ అదే, ఆమెకు వేరే చెయ్యి ఎక్కడినుంచి వస్తుంది. నేను క్షమించానని కాదు. క్షమించడం నాకు పప్పు వండినట్టే వస్తుంది. తాళంచెవి మాత్రం తీసుకోలేదు.

“అది ఇంట్లో పెడితే పోతుంది,” అన్నాను. “ఇంతకుముందొకసారి పోయింది.”

చెయ్యి ఒక క్షణం అలాగే ఉండి, ముడుచుకుని వెనక్కి పోయింది. మునిరాజు చట్రానికి మిగిలిన గడియ కూడా ఊడదీసి జేబులో వేసుకున్నాడు. సాయంత్రం పెద్ద స్క్రూ తెచ్చి బిగిస్తానన్నాడు. సుమ్నేనా అన్నాను. “సుమ్నే,” అన్నాడు. సరే అనలేదు. వద్దు అని కూడా అనలేదు, అదే ఎక్కువ. మంచం కింద పీట ఉంది, వచ్చేటప్పుడు నాలుగు మేకులు తీసుకురా, గోడకు కొట్టాలి అన్నాను. వాడు మళ్లీ నవ్వాడు. ఈసారి నన్ను చూసే.

వాళ్లు వెళ్లాక మళ్లీ బాత్రూములోకి వచ్చాను. సబ్బు కడుక్కోవాలి గదా. గడియ లేదు, తలుపు ఆగడం లేదు. బకెట్ నింపుకుని తలుపుకు అడ్డం పెట్టాను. బయట కొళాయి దగ్గర ఫాతిమా ఆరిళ్లకూ వినబడేలా చెబుతోంది: “అన్న స్నానం చేస్తా ఉండాడు. గడియ లేదు. ఎవరూ ఆ పక్క పోవద్దండి.” ఇంతకన్నా పేపర్లో వేయిస్తే నయం. నెత్తిన నీళ్లు పోసుకున్నాను. చన్నీళ్లు. సొన్నమ్మ బియ్యం ఏరుతున్న చేట, పైకెత్తని తల, పది రోజులు. అప్పుడు నవ్వుకుని ఉంటుంది, మొహం కనబడకుండా. నీళ్లు పోసుకుంటూనే ఉన్నాను. ఎంతసేపైందో తెలియదు, కుక్కర్ లేదు గదా చెప్పడానికి. బయట బిందె చప్పుడు ఆగింది. ఎవరూ మాట్లాడడం లేదు. వింటున్నారని తెలిసింది. నేను ఒకసారి దగ్గాను. గొంతులో ఏమీ లేదు.

“ఆఁ,” అంది ఫాతిమా బయటినుంచి, కొళాయి తిప్పుకుంటూ.